హారన్ రాసిచ్చిన ఆదివారాలు

“ముక్కలు పడేశావా? సిగ్గుందా నీకు? చేతిలో ముక్కలు వెచ్చబడకముందే కింద పడేసేవాడివి, రేపు ఇంజను దగ్గరేం నిలబడతావు? పొగ చూసి పారిపోతావు! ఇలాంటి పిరికివాణ్ణి నా బండి కిందికి పంపుతున్నారా, దేవుడా!”

బస్సు డిపో విశ్రాంతి గది అది. మధ్యాహ్నం బండ్లు మళ్ళీ బయల్దేరడానికి గంటన్నర ఉంది. తిట్టినవాడు డ్రైవరు. గొంతు అలాంటిది కాబట్టి డిపో అంతా ఆయన్ని హారన్ అంటారు. తిట్లు తిన్నవాడు మెకానిక్కు. బల్లకు అటువైపు కూర్చున్నది ఇంకో డ్రైవరు. రోజుకు పది మాటలకు మించి ఖర్చుపెట్టడు కనుక ఆయన పేరు సైలెన్సర్. ముక్కలు పంచుతున్నది కండక్టరమ్మ. హారన్ బండిలో తొమ్మిదేళ్ళుగా టిక్కెట్లు కొడుతోంది, పక్క వాటాలోనే ఉంటుంది, ఆయన భార్యను వదినా అని పిలుస్తుంది.

ఆట పోకర్. మనిషికి ఐదు ముక్కలు. ఎవరివి పెద్దవైతే వాళ్ళు గెలిచినట్టు. బాగాలేకపోతే పడేసి తప్పుకోవచ్చు, గుండె ఉంటే పందెం పెంచి ఎదుటివాణ్ణి బెదరగొట్టొచ్చు. పందేనికి చిరిగిన టిక్కెట్టు ముక్కలు పెట్టుకునేవారు. దానివల్ల అంతవరకు ఎవరి కొంపా మునగలేదు.

“ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ చుట్టరికం లేదు బాబాయ్. ఏం చూసుకుని ఆడను?” అన్నాడు మెకానిక్కు.

“ఏం చూసుకునా? నన్ను చూసి నేర్చుకో! ఓ వానాకాలం, ఏరు పొంగి వంతెన మీదికొచ్చేసింది, నా బండి ఇవతలే ఆగిపోయింది. ముగ్గురు లారీవాళ్ళు పేక తీశారు. నా చేతిలో ఏముంది? ఇస్పేటు రెండు, ఆఠీను రెండు. అంతే, రెండ్ల జత. మిగతావి చిత్తుకాగితాలు. మరొకడైతే తోక ముడిచేవాడు. నేను పెంచా. వాళ్ళు పెంచారు, నేను ఇంకా పెంచా. ముగ్గురూ పడేశారు! అప్పుడు నా ముక్కలు తిప్పి చూపించా. వాళ్ళ మొహాలు చూడాలి నువ్వు!”

“గెలిచాక చూపించడమెందుకు అన్నయ్యా?” అంది కండక్టరమ్మ.

“చూపించకపోతే నా గొప్ప ఎవరికి తెలుస్తుందమ్మా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? లారీ ఓనరు వచ్చాడు. వాడి లారీ పందెం. ఈసారి నా దగ్గర రెండ్ల జత కూడా లేదు, పెద్ద ముక్క తొమ్మిది. కళ్ళు మూసుకుని పెంచా. లారీ నాదైపోయింది! వెనకాల సర్కసు బండ్లు ఆగున్నాయి. మేనేజరు దిగొచ్చి ఏనుగును పందెం కట్టాడు. కట్టాడా, ఆ ఏనుగు నాకు ఎదురుగా కూర్చుని తనే ఆడతానంది.”

“ఏనుగా?” మెకానిక్కు నోరెళ్ళబెట్టాడు.

“తొండంతో ముక్కలు పట్టుకుంది. కానీ చెవులు ఆగవు దానికి! మంచి ముక్క వస్తే చాలు టపటపా కొట్టుకుంటాయి. అలా ఉంటే పేకాట ఎట్లా ఆడుతుంది? నాకు ఏడు. ఉత్త ఏడు! ఏనుగు పడేసి బావురుమంది.”

సైలెన్సర్ నవ్వలేదు. చల్లారిన టీ తాగుతూ, చెప్పేవాణ్ణే చూస్తూ వింటున్నాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కన రైలు పట్టాలు. గార్డు దిగొచ్చి రైలు పందెం కట్టాడు. పద్నాలుగు పెట్టెలు!”

“మనుషులతో సహానా?” అన్నాడు మెకానిక్కు.

“టీసీతో సహా! గెలిచి, ముక్కలు తిప్పి చూపించి, రైలు వెనక్కిచ్చేశా. వాకిట్లో పెడితే మీ వదిన ఊరుకుంటుందా? నలభై రోజులు ఆడామయ్యా, తిండి లేదు, నిద్ర లేదు. ముక్కల మీద బొమ్మలు అరిగిపోయి తెల్ల అట్టలు మిగిలాయి. ఐదు తెల్ల అట్టలతో పెంచా! అవతలివాడికి కట్టడానికి ఏమీ మిగల్లేదు, ఏరును కట్టాడు. అది కూడా గెలిచా. ఇప్పుడక్కడ ఇసుక తప్ప చుక్క నీరుందేమో వెళ్ళి చూసుకోండి. ఏరు నా దగ్గరుంది!”

“ఏరు నీ దగ్గరుంటే నిన్న వదిన మా కుళాయి దగ్గర రెండు బిందెలు పట్టుకెళ్ళిందేం?” అంది కండక్టరమ్మ.

గది ఘొల్లుమంది. హారన్ మొహం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే కొత్త ముక్కలు పంచారు. మెకానిక్కు మళ్ళీ పడేశాడు. సైలెన్సర్ రెండు టిక్కెట్టు ముక్కలు ముందుకు తోశాడు. హారన్ నాలుగు తోసి, అది చాలదన్నట్టు జేబులోంచి కలం తీశాడు.

“కాగితాలేంటి, చిన్నపిల్లల ఆట! నా ఆదివారం పెడుతున్నా. నువ్వు నీ బుధవారం పెట్టు!”

డిపోలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా తమ వారపు సెలవును చీటీ మీద సంతకం పెట్టి మరొకరికి రాసివ్వొచ్చు. రాసిచ్చినవాడు ఆ రోజు అవతలివాడి బదులు బండెక్కాలి. డ్యూటీలు వేసే కంట్రోలరు ఎందుకని అడగడు.

కండక్టరమ్మ పేక కింద పెట్టేసింది. హారన్ కూతురికి ఆడపిల్ల పుట్టి మూడు నెలలు. ఆయన ఇంతవరకు మనవరాలి మొహం చూడలేదు. ఏడాది తర్వాత ఈ నెలలోనే నాలుగు ఆదివారాలూ ఆయనకు సెలవు పడింది. వదిన చిన్న చిన్న గౌన్లు కుట్టి సంచీ సర్ది తలుపు పక్కనే పెట్టింది.

“అన్నయ్యా, నీకేమైనా మతిపోయిందా? ఆదివారం పాపను చూడ్డానికి వెళ్ళాలి కదా!”

“ఓడితే కదమ్మా!”

“కాగితాలకే ఆడదాం అన్నా,” అన్నాడు సైలెన్సర్.

“భయమేస్తే పడెయ్!”

సైలెన్సర్ తన ముక్కలను కాదు, హారన్‌ను చూశాడు. తర్వాత చీటీ మీద నిదానంగా సంతకం పెట్టాడు. “చూపించు.”

హారన్ తిప్పాడు. రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, రాణి. ఒకదానికొకటి ఏమీ కాదు. సైలెన్సర్ దగ్గర ఎనిమిదుల జత. అంతే.

“ఎట్లా... ఎట్లా కనిపెట్టావ్?”

“ఇంతసేపు నువ్వు చెప్పిన కథలో, అన్నా, ఒక్కసారైనా నీ చేతిలో మంచి ముక్క ఉందా?”

మెకానిక్కు బల్ల మీద తలపెట్టి నవ్వాడు. కండక్టరమ్మకు కూడా నవ్వొచ్చింది, కానీ తలుపు పక్కన సంచీ గుర్తొచ్చి ఆపుకుంది. “లే అన్నయ్యా, ఒక్క ఆదివారంతో పోయింది. వచ్చే వారం వెళ్ళొచ్చు.”

ఓడినవాడు చేయగల తెలివైన పని లేచి వెళ్ళడం. దానికి చదువు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, నోరు కట్టుకుంటే చాలు. హారన్ లేవలేదు. పోయినదాన్ని పోయినచోటే పట్టుకోవాలనుకున్నాడు. రెండో ఆదివారం కట్టాడు. కోపంలో ముక్కలు సరిగా చూసుకోలేదు, ఐదూ ఇస్పేట్లే, ఇక తిరుగులేదనుకున్నాడు, తీరా తిప్పితే ఒకటి కళావరు. ఆ ఆదివారమూ పోయింది. మూడోసారి మూడు రాణులు వచ్చాయి. రాగానే మీసం మీదికి చెయ్యి వెళ్ళింది, మొహం పండగ చేసుకుంది. సైలెన్సర్ అది చూసి నెమ్మదిగా పడేశాడు. మూడు రాణులకు దక్కింది రెండు టిక్కెట్టు ముక్కలు.

“నువ్వు పడెయ్యడమేంటయ్యా! నాకు మంచి ముక్కలొచ్చాయి ఇప్పుడు!” అని బల్ల గుద్దాడు హారన్.

“తెలుస్తూనే ఉంది బాబాయ్, ఏనుగు చెవుల్లాగా,” అన్నాడు మెకానిక్కు.

ఆ మాటకు హారన్ మిగిలిన రెండు ఆదివారాలూ ఒకేసారి కట్టాడు. కండక్టరమ్మ చీటీ లాక్కోబోయింది, ఆయన చెయ్యి తోసేశాడు. ఈసారి ఆయన దగ్గర ఐదుల జత. అవతల జాకీల జత. బండ్లు బయల్దేరే గంట కొట్టారు.

సైలెన్సర్ నాలుగు చీటీలూ వెనక్కి ఇవ్వబోయాడు. “తీసుకోన్నా. వదిన ఎదురుచూస్తుంది.”

“నేను మాట తప్పేవాణ్ణనుకున్నావా?” అని హారన్ వాటిని తన చేత్తోనే కంట్రోలరుకు ఇచ్చొచ్చాడు. ఆయన చేసిన తప్పులన్నిట్లోకీ పెద్దది అదే.

నాలుగు ఆదివారాలూ ఆయన బస్టాండు నుంచి మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి బస్టాండుకు తిరిగాడు. భార్య ఒక్కతే వెళ్ళి వస్తూ, పాప నవ్విందని ఒక వారం, బోర్లా పడిందని ఒక వారం చెప్పింది. నాలుగో వారం ఖాళీ సంచీ తెచ్చి తలుపు పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

తర్వాతి నెల జీతం కోత పడే సెలవు పెట్టి భార్యతో పాటు వెళ్ళాడు. పాప అమ్మమ్మను చూడగానే చేతులు చాచింది. ఆయన వంగి, “ఏమే తల్లీ!” అన్నాడో లేదో, గుక్కపట్టి ఏడ్చింది. ఆయన వెనక్కి తగ్గితే ఆపింది, ముందుకొస్తే మళ్ళీ ఏడుపు ఎత్తుకుంది.

“కొత్త కదా నాన్నా, కాసేపు వరండాలో కూర్చో,” అంది కూతురు.

కూర్చున్నాడు. పాప నిద్రపోయాక గుమ్మంలో నిలబడి చూశాడు. ఐదు గంటల బస్సుకు తిరిగొచ్చాడు.