ముగ్గు మీద నిలబెట్టిన కర్రలు

"మేస్త్రిగారూ, ఒక్క గుమ్మం తియ్యడానికి ఇన్ని కర్రలెందుకండీ?"

ఆయ్, అడిగేరు కదా, చెప్తానండి. కూర్చోండమ్మాయిగారూ, ఆ ఇసక మీద కాదు, ఇటు నీడలోకి రండి.

ఇప్పుడంటే గుమ్మం పైన సిమెంటు లింటెలు వేస్తున్నారు. మీ తాతగారి నాటి ఇల్లిది, లింటెలూ లేదు ఏమీ లేదు. పైనున్న ఇటిక బరువంతా ఈ ద్వారబంధమే మోస్తోందండి. దీన్ని ఊడపీకితే గోడ ఊరుకుంటదా? అందుకని పైన గోడకి కన్నం పెట్టి, అడ్డంగా దుంగ దూర్చి, దానికి అటూ ఇటూ కర్రలు నిలబెట్టాలి. అప్పుడు తియ్యాలి. ఇదంతా మా నాన్న విద్యేనండి, నాదేం లేదు.

నాకప్పుడు ఇరవయ్యో, ఇరవై ఒకటో... పెళ్ళి కాలేదులెండి. మురమళ్ళ అవతల, కాదు కాదు, అల్లవరం దగ్గర ఓ రైతుగారిల్లు. కూలి మూడు రూపాయలండి, పొద్దున్నే చద్దన్నం వాళ్ళదే. పాత గుమ్మం తీసే రోజని ఆ ఇంటి మామ్మగారు తెల్లారకుండానే లేచి, గుమ్మానికి అటూ ఇటూ అలికి, ఎంత ముగ్గేసేరనుకున్నారు! ఎండ ఏటవాలుగా పడతా ఉంటే నీళ్ళ మీద తేలుతున్నట్టుందండి. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనపడతదండి.

"కర్రల కింద చెక్క పలకలు వెయ్యరా, మన నేల మెత్తన" అని చెప్పి మా నాన్న సున్నం చూసుకోడానికి వెళ్ళేడు. పలకలేస్తే ముగ్గంతా పోద్ది కదండీ. నాకు మనసొప్పలేదు. చుక్కల మధ్య ఖాళీ చూసుకుని కర్రలు ఊరికే నిలబెట్టేసేను. ఏమయిపోద్దిలే అనుకున్నా. వెధవ బుద్ధి.

ద్వారబంధం ఇవతలికి లాగేమో లేదో, కర్రలు తడి నేలలోకి దిగిపోతున్నాయండి. మెల్లిగా, చప్పుడు లేకుండా. పైనుంచి ఎర్రటి పొడి రాల్తా ఉంది, ఎండలో మెరుస్తా... నేను అలా చూస్తా ఉండిపోయేను. పరిగెత్తుకొచ్చి, పక్కనున్న ఇటికల మీదకెక్కి, దుంగ కింద భుజం పెట్టింది మా నాన్నే. తిట్టలేదండి. "ముగ్గు చెరిపెయ్యరా అబ్బాయ్, పలకలు తే" అన్నాడు, అంతే.

గోడ నిలబడింది. ఆయన కుడిచెయ్యి మాత్రం మళ్ళీ పైకి లేవలేదండి. తాపీ పట్టలేదు. పోయేదాకా మా అమ్మే తల దువ్వేది. గుర్తొస్తే ఇప్పటికీ ఏడుపొస్తదండి...

సరేలెండి. ఇందాక చూసేను, మీరూ గుమ్మం ముందు ముగ్గేసేరు. పద్మాలు కదండీ? ఎంతో బాగుంది. ఆ చీపురు ఇలా ఇవ్వండి తల్లీ, ఏమీ అనుకోకండి. కొత్త గుమ్మం నిలబెట్టేక మళ్ళీ వేద్దురుగాని. నిండు నూరేళ్ళూ వేద్దురుగాని.