కర్ణం మీద పదిహేను

బడి వదిలేశారు. ప్రధానోపాధ్యాయురాలు తన గదికి ఎనిమిదో తరగతి లెక్కల టీచర్‌ని పిలిపించింది. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు. టీచర్ భర్తకి ప్రధానోపాధ్యాయురాలు సొంత చెల్లెలు.

“రేపు మాత్రం వద్దు మేడమ్. వచ్చే వారం పెట్టుకుందాం.”

“వచ్చే వారం ఎలా కుదురుతుంది వదినా? మిగతా బళ్ళ నుంచి టీచర్లు వస్తున్నారు. అందరికీ కబురు వెళ్ళిపోయింది. వాళ్ళొచ్చేదే నీ తాడు పాఠం చూడటానికి.”

“తాడు పాఠమైతే ఎప్పుడంటే అప్పుడు చెప్తాను. బోర్డు మీద లెక్కే వద్దంటున్నాను.”

“ఒక్కటంటే ఒక్క లెక్క. తాడు పట్టుకుని గ్రౌండంతా తిరిగిన పిల్లలకి అసలు విషయం తలకెక్కిందో లేదో వచ్చినవాళ్ళకి తెలియొద్దా?”

“బోర్డు మీద పిల్లలే చేస్తారు. మధ్యలో నేనెందుకు? పిల్లలు చేస్తేనే అందం.”

“వాళ్ళు చేస్తే నువ్వు దిద్దాలిగా.”

“ఒకళ్ళు చేసింది ఇంకొకళ్ళు దిద్దుతారు. అదీ నా పద్ధతే.”

“అన్నీ నీ పద్ధతులే. ముందు కూర్చో.”

“పర్లేదు మేడమ్, నిలబడతాను. ఇంటికెళ్ళాలి, అక్కడ బోలెడు పని...”

“కూర్చో వదినా. ఆ మోకాలికి ఏమైంది? కుంటుతున్నావు.”

“ఏమీ కాలేదు. వరండాలో ఎవరో బకెట్ పెట్టారు. నడిచే దారిలో బకెట్ పెడితే ఎవరికైనా తగలదా?”

“ఆ బకెట్ రోజూ అక్కడే ఉంటుంది.”

“అయితే రోజూ తప్పే చేస్తున్నారు.”

“స్కూటర్ ఎందుకు మానేశావు?”

“నడిస్తే ఒంటికి మంచిదని. దాన్ని కూడా అడుగుతారా? రేపటి పాఠం గురించి పిలిచారనుకున్నాను.”

“పాఠం గురించే. అసలు ఆ తాడు ఆలోచన నీకెలా వచ్చింది?”

“ఎలా వస్తుంది? వచ్చింది.”

“రేపు వాళ్ళడిగినా ఇలాగే చెప్తావా?”

“చెప్పడానికేముంది మేడమ్. కర్ణం వర్గం రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానమని పిల్లల చేత వల్లె వేయిస్తాం. గడగడా అప్పజెప్తారు. ఏదీ, కర్ణం చూపించు అంటే దిక్కులు చూస్తారు. అందుకని తాడు తెచ్చాను. సమానంగా పన్నెండు ముక్కలొచ్చేలా ముళ్ళు వేయించి, ముగ్గురు పిల్లల్ని మూడు మూలల్లో పట్టుకోమన్నాను. ఒక పక్క మూడు, ఒక పక్క నాలుగు, ఇంకో పక్క ఐదు. బిగించి లాగితే చాలు, మూడుకీ నాలుగుకీ మధ్య మూల దానంతటదే లంబకోణమై కూర్చుంటుంది. మొదటిసారి అలా కుదిరినప్పుడు మీరు చూడాల్సింది. పుస్తకం తెచ్చి ఆ మూలలో పెట్టి, సరిపోయింది టీచర్, సరిపోయింది టీచర్ అని ఒకటే గోల.”

“ఊఁ.”

“తర్వాత తాడు వెంబడి నడవమంటాను. లంబకోణానికి ఎదురుగా ఉన్న పక్కే కర్ణం. ఏది పొడుగో కళ్ళకంటే ముందు కాళ్ళకే తెలుస్తుంది. మన బొండాం లేడూ, వాడైతే నేను నోరు తెరవకముందే, కర్ణం నాకే టీచర్, కర్ణం నాకే అని వచ్చి నిలబడతాడు. మామూలుగా పది అడుగులు వెయ్యమంటే ఆయాసపడే పిల్లాడు. లెక్కలంటే అంత ఇష్టం పుట్టింది వాడికి.”

“వాడి సంగతి తర్వాత చెప్తాను. ఇటు చూడు. ఈ బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీస్తున్నాను. రెండు అంకెలు వేస్తాను. మూడోది నువ్వు చెప్పు.”

“ఇదేం పరీక్ష మేడమ్? నేనేమైనా చిన్నపిల్లనా?”

“చెప్పేస్తే వెళ్ళిపోవచ్చు.”

“తొమ్మిది. ఇంకోటి... ఆఁ, పదిహేను. తొమ్మిది తొమ్ముల ఎనభై ఒకటి. పదిహేను వర్గం రెండొందల ఇరవై ఐదు. రెండూ కూడితే మూడొందల ఆరు. దానికి వర్గమూలం తిన్నగా రాదు. మేడమ్, పిల్లలకిచ్చే లెక్క కాస్త చూసుకుని ఇవ్వాలి.”

“పదిహేను ఎక్కడ రాశాను వదినా?”

“పక్కన.”

“ఏ పక్కన?”

“ఈ గదిలో వెలుతురు సరిగ్గా లేదు.”

“లైటు వెలుగుతోంది. కిటికీ తీసే ఉంది. పదిహేను కర్ణం మీద రాశాను.”

“మీ గీతలు వంకరగా ఉంటే నేనేం చెయ్యను? కర్ణమైతే తీసివెయ్యాలి. రెండొందల ఇరవై ఐదులోంచి ఎనభై ఒకటి తీసేస్తే నూట నలభై నాలుగు. పన్నెండు. ఇన్నేళ్ళు ఇదే చెప్పాను, ఇది నాకు రాదా?”

“వచ్చు. నీకు లెక్క వచ్చు. అందుకే నాకు భయమేస్తోంది.”

“నేను వెళ్తాను.”

“సోమవారం తరగతిలోనూ ఇదే జరిగింది.”

“ఎవరు చెప్పారు?”

“కర్ణం ఇచ్చిన లెక్కలో నువ్వు కూడేశావు. అది కర్ణం టీచర్, తీసివెయ్యాలి అని ఆ రెండు జడల పిల్ల లేచింది. తరగతిలో ఏదో పేరుంది దానికి...”

“డౌటు. పిల్లలు డౌటు అని పిలుస్తారు.”

“ఆ డౌటునే. ప్రతిదానికీ అడ్డు తగలకు, కూర్చో అని కసిరావట. ఆ పీరియడంతా తలెత్తలేదట అది.”

“ఫిర్యాదు చేసిందన్నమాట. చెయ్యనీ. దాని మాటే నిజం. రేపు నేనే అందరి ముందూ చెప్తాను, తప్పు నాదని. సరేనా? ఇంక వెళ్ళనా?”

“ఫిర్యాదు చెయ్యలేదు వదినా. నిన్ను ఏమీ అనొద్దని చెప్పడానికి వచ్చింది. అక్కడ, ఆ బల్ల ముందు నిలబడి ఏడ్చింది. తప్పు తనదేనంది.”

“దాని తప్పేంటి?”

“ఆ రోజు వంతు తనదట.”

“ఏం వంతు?”

“చదివే వంతు. మీ తరగతిలో రోజుకొకళ్ళు ముందు బెంచీలో కూర్చుంటారట. నువ్వు బోర్డు దగ్గరికి వెళ్ళగానే, తమలో తాము గొణుక్కుంటున్నట్టు పైకి చదువుతారట. అడ్డం తొమ్మిది, నిలువు తెలీదు, ఏటవాలు పదిహేను... అలాగ. నువ్వు వినాలని. సోమవారం ఈ పిల్ల పెన్సిల్ చెక్కుకుంటూ చదవడం మర్చిపోయిందట. నేను చదవకపోబట్టే టీచర్ తప్పు చేశారు, ఇంకెప్పుడూ మర్చిపోను అంది. నేనేం చెప్పను దానికి?”

“గొణుగుతారు, నిజమే. మొదట్లో తిట్టాను కూడా. నోళ్ళు మూసుకుని లెక్క చేసుకోండి అన్నాను. తర్వాత తర్వాత... వినడం అలవాటైంది. వాళ్ళు చదువుకునే తీరే అంతేమో అనుకున్నాను. అందరికీ తెలుసా?”

“అందరికీ.”

“బొండాంకి కూడానా?”

“గ్రౌండులో నీ తాడు వేసే చోట కర్ణం పక్కనే మెట్లున్నాయిగా, కిందకి దిగేవి. ఒకరోజు నువ్వు వెనక్కి నడుస్తూ ఆ మెట్ల అంచుదాకా వెళ్ళావట. వాడు పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడట. అప్పట్నుంచీ ఆ పక్క ఎవ్వరికీ ఇవ్వడం లేదట.”

“వాడికి లెక్కలంటే ఇష్టమనుకున్నాను.”

“వదినా.”

“వాడికి లెక్కలంటే ఇష్టం పుట్టిందని మీ అన్నయ్యకి కూడా చెప్పాను. ఎంత నవ్వుకున్నామో.”

“వదినా, ఎన్నాళ్ళ నుంచి?”

“మంచినీళ్ళు ఉన్నాయా?”

“ఇదిగో. ఇటు, ఇటు. నీ చేతి దగ్గరే ఉంది గ్లాసు.”

“కనిపించింది. నేనేం గుడ్డిదాన్ని కాదు. అదే ఎవ్వరికీ అర్థం కాదు. ఎదురుగా ఉన్నది చక్కగా కనిపిస్తుంది. సూదిలోకి దారం ఎక్కించమను, ఎక్కిస్తాను. నీ మొహం బాగానే కనిపిస్తోంది, నీ భుజాలే కనిపించడం లేదు. త్రిభుజానికీ అంతే. ఒక మూల చూస్తే మిగతా రెండూ పోతాయి. తల తిప్పి వెతుక్కునేలోపు మొదటిది ఎక్కడుందో తెలీదు. తాడైతే చేతిలో ఉంటుంది. ఎంత దూరం పోయినా మూల చేతికి తగులుతుంది. ఆలోచన ఎలా వచ్చిందన్నావుగా, అలా వచ్చింది. రేపు వాళ్ళకి ఇదే చెప్పనా?”

“డాక్టర్ దగ్గరికి వెళ్ళావా?”

“వెళ్ళాను.”

“ఎవరితో?”

“ఒక్కదాన్నే. స్కూటర్ మానేసిన వారం. ఒక తోపుడుబండి పక్క నుంచి వచ్చింది, నాకసలు తెలీనే తెలీలేదు. ఆ బండాయన ఒక్కసారిగా వెనక్కి లాక్కున్నాడు. తర్వాత తిట్టాడు, బాగా తిట్టాడు. స్కూటర్ అక్కడే పెట్టేసి నడుచుకుంటూ ఇంటికొచ్చాను. మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను.”

“ఏమన్నాడు డాక్టర్?”

“ఏముంది, నీటికాసులన్నాడు.”

“నాన్నకున్నదే.”

“మామగారికున్నదే. పోయిన చూపు ఇంక రాదన్నాడు. ఉన్నదైనా నిలవాలంటే చుక్కలు వేసుకుంటూ త్వరగా ఆపరేషన్ చేయించుకోవాలన్నాడు. ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మన్నాడు. సరేనన్నాను.”

“తీసుకెళ్ళావా?”

“పరీక్షలైపోయాక వెళ్దామనుకున్నాను.”

“ఏ పరీక్షలు? మొన్న అయిపోయినవా, మళ్ళీ వచ్చేవా?”

“చుక్కలు వేసుకుంటున్నానులే. స్టాఫ్ రూమ్ బీరువాలో ఉన్నాయి. ఇంటర్వెల్‌లో వేసుకుంటాను.”

“అన్నయ్యకి తెలీదు.”

“తెలీదు. తెలియకూడదు.”

“ఎందుకు తెలియకూడదు? పరాయివాడా?”

“నీకు చెప్తే అర్థం కాదు.”

“నాన్న సంగతి నాకు అర్థం కాదా?”

“నువ్వు అప్పుడు ఉద్యోగం కోసం దూరంగా ఉన్నావు. సెలవులకి వచ్చి చూసేదానివి. రోజూ చూసింది నేనూ, మీ అన్నయ్యా. మామగారు ఆ కుర్చీలోంచి లేచేవారు కాదు. గోడవైపు తిరిగి కూర్చునేవారు. నేను అన్నం పెడితే తినేవారు కాదు, కొడుకే కలిపి పెట్టాలి. స్నానం కొడుకే చేయించాలి. ఒక్క నిమిషం కనబడకపోతే... కనబడటమేంటి, గొంతు వినబడకపోతే కేకలు. ఆ ఏళ్ళన్నీ మీ అన్నయ్య కుట్టుమిషన్ ముందు కూర్చున్నది తక్కువ, ఆ కుర్చీ పక్కన కూర్చున్నదే ఎక్కువ. వచ్చేవాళ్ళు రావడం మానేశారు. దుకాణం మూతపడింది. ఒక్కరోజూ విసుక్కోలేదు ఆయన. విసుక్కుని ఉంటే బాగుండేదని నాకనిపించేది. మాటలు మాత్రం తగ్గిపోయాయి.”

“తెలుసు.”

“తెలీదు నీకు. ఇప్పుడిప్పుడే మళ్ళీ దుకాణం తెరిచాడు. గుడ్డ కత్తిరిస్తూ పాడుకుంటున్నాడు. పెళ్ళైన కొత్తలో విన్నాను ఆ గొంతు, మళ్ళీ ఇన్నాళ్ళకి విన్నాను. వంటింట్లో పొయ్యి తగ్గించుకుని మరీ వింటున్నాను. నేను వెళ్ళి, నాకూ అదే జబ్బు వచ్చింది, మళ్ళీ కుర్చీ పక్కన కూర్చో అని చెప్పనా?”

“నాన్న కూడా ఇలాగే దాచాడు వదినా. తలుపులు తగిలితే తలుపుల్ని తిట్టాడు, మెట్లు తప్పితే మెట్లు కట్టినవాణ్ణి తిట్టాడు. ఎవరికీ కష్టం ఇవ్వకూడదనే అనుకుని ఉంటాడు. మనకి తెలిసేసరికి నిలబెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది జబ్బు ఒక్కటే కాదు, ఆ ఆలస్యం.”

“నాకింకా మిగిలుంది.”

“మిగిలుండగానే వెళ్ళాలంటున్నాను.”

“వెళ్తాను. రేపటి పాఠం అయిపోనీ.”

“రేపు అయ్యాక ఇంకేదో అంటావు. ఈ బడిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.”

“ఆపరేషన్ అయ్యాక ఈ పిల్లల్ని నాకే ఇస్తావా? ముందు అది చెప్పు.”

“నీకు కాక ఎవరికిస్తాను? ఇంకొకళ్ళని పంపిస్తే డౌటు బతకనిస్తుందా?”

“బోర్డు?”

“వాళ్ళు చదువుతారు, నువ్వు చెప్తావు. ఇకనుంచి గొణుక్కోవడం ఎందుకు, గట్టిగానే చదువుతారు.”

“సరే. సరే, వెళ్తాను. నువ్వు తోడు రా. మనిద్దరమే వెళ్దాం. బడి పని మీద వెళ్తున్నామని ఇంట్లో చెప్పొచ్చు. అన్నీ అయిపోయాక, కట్టు విప్పాక, అప్పుడు నెమ్మదిగా... నువ్వు నవ్వుతున్నావా?”

“నవ్వడం లేదు.”

“నాకు తెలుసు, అది జరిగే పని కాదని. అయినా నువ్వు చెప్పకు. నీకు దణ్ణం పెడతాను. ఇంకెవరికైనా చెప్పుకో, బడంతా చాటుకో, మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు. ఆయన మళ్ళీ మాట్లాడటం మానేస్తే నేను తట్టుకోలేను. చూపు పోతే పోనీ, ఆ ఇంట్లో ఆ గొంతు కూడా లేకపోతే నేనేం పట్టుకుని నడవను? చెప్పనని మాటివ్వు.”

“నేను చెప్పను వదినా.”

“ఒట్టేనా?”

“నేను చెప్పాల్సిన పని లేదు. తర్వాత నన్ను ఎంతైనా తిట్టుకో. తల కాస్త ఎడమపక్కకి తిప్పు. నువ్వు రాకముందు నుంచీ అన్నయ్య ఆ కుర్చీలో కూర్చునే ఉన్నాడు.”