ఓనరమ్మ సంతకం

హలో… ఆ, మీ అమ్మనేలే. నా ఫోను ఇంగెవురెత్తుతారు… ఏమైంది భాగ్యా? గొంతట్లుండాదేమి? కంపెనీ బస్సు గాని తిరగబడిందా?

…ఏం కాలేదా! మరి డ్యూటీ టైములో ఫోనేందే? ఉండు, కూసుంటా. ఆ, ఇంగ చెప్పు.

…మీ ఓనరమ్మ బాడిగ పెంచిందా? ఇయ్యకుంటే నెలాఖరుకు ఖాళీ చేయమనిందా! నేనప్పుడే అనుకుంటి. మీరు నలుగురు ఆడపిల్లోళ్లు సామాన్లు నెత్తినెత్తుకోని పెనుకొండ బజార్లో…

…ఏడుస్తా లేను. జలుబు.

…ఆ కోళ్లగూడంత రూముకు పన్నెండు వేలా! ఆ దుడ్లకు గూడే గుడ్డు గూడా పెట్టల్ల.

…మన హిందూపురం నుంచి రోజూ రైల్లో పోరాదా?… నీ షిఫ్టు వదిలే పొద్దుకు రైలుండదు. సరే.

…అర్జీనా? సోమవారం సబ్ కలెక్టరుకా? అందరి ముందర నువ్వా చదివేది? అమ్మో, పోలీసులు పట్టుకోపోతే?… సరే, ఏం రాసినావో చదువు. మెల్లగ. ఐదో క్లాసు చదివినదానికి అర్థమయ్యేట్ల.

…కంపెనీలే హాస్టళ్లు కట్టియ్యల్ల. బాగుండాది. కంపెనీ క్యాంటీను సాంబార్లో నీళ్లు తగ్గియ్యల్లని గూడా రాయి.

…ఊరి బయట గవర్నమెంటు కాలనీలో ఇండ్లు ఖాళీగుండాయి, ఆడికి బస్సెయ్యల్ల… చూడు, ఇండ్లు ముందు కట్టి, దావ తర్వాత ఎతుకుతాండారు! పెండ్లి చేసినాక పిల్లోన్ని ఎతికినట్ల.

…అడ్వాన్సు పది నెల్లది వద్దు, రెండు నెల్లది చాలు. బాడిగ పెంచల్లంటే మూడు నెల్ల ముందే చెప్పల్ల… శభాష్! అది గట్టిగ చదువు, మీ ఓనరమ్మకు ఇనపడల్ల. వద్దొద్దు, మెల్లగ చదువు. రూముకు తాళమేస్తే?

…సంతకాలు నూటిరవయ్యా! మరింగేం?

…ఓనర్లవి గూడా కావల్లనా?… ఒక్క ఓనరన్నా ఒప్పుకుంటే మాట నిలుస్తాదని ఆఫీసులో క్లర్కు అన్యాడా. ఎవురు పెడతారే! కూసున్న కొమ్మ ఎవురన్నా నరుక్కుంటారా?

…ఎవురు?… నేనా!

…నేనేం ఓనరే! మిద్దె మీద ఒక్క రూము. దానికే ఓనరంటారా?

…హసీనాబీ సంగతి నీకెవురు చెప్పినారు? ఆయమ్మ కూతురు దిల్షాదా? నా మిద్దె మీద బాడిగకుండి నా మీదనే చాడీలా!

…అవును, చెప్పినా. వచ్చే నెల నుంచి వెయ్యి ఎక్కువిస్తే ఉండు, లేకుంటే వేరే ఇల్లు చూసుకో అంటి. అది వేరే కత. నాకు షుగరు మాత్రలకు కావల్ల కదా.

…నవ్వద్దే.

…ఏమి? మీ ఓనరమ్మ గూడా షుగరు మాత్రలనే చెప్పిందా?

…మూడు నెల్ల ముందే చెప్పల్లంటే నేనే కదూ శభాషంటి. నా నోరే నాకు శత్రువు.

…భాగ్యా, సంతకం పెడితే ఇల్లు గవర్నమెంటోళ్లు తీసుకోరు కదా?… నా మీద ఒట్టు?… సరే. ఆదివారం పేపరు తీసుకోని రా.

…ఇప్పుడే ఫోన్లో ఫొటో పంపిస్తావా? ఏం తొందరే! ముందు పైకి పోయి హసీనాబీకి చెప్పద్దా, పెంచేది లేదని? చెప్పకుండా పెడితే అది దొంగ సంతకమైతాది.

…లైన్లోనే ఉండు, మెట్లెక్కుతాండా. ఆయమ్మ ఏమంటాదో ఏమో.

…హసీనా! ఓ హసీనా! తలుపు తియ్యి… ఖాళీ చేయమనేదానికి కాదు తల్లీ, వేరే మాట చెప్పల్ల…

…వస్తాండాదే. ఇంగ నువ్వు పెట్టేయ్. నువ్వు ఇంటాంటే నాకు సిగ్గు.