నేను దగ్గితే కార్డు కదిలేది

"నాలుగింటికి చేతులెత్తే ముందు మీరీ సంగతి వినాలి," అంటూ గురూగారు టీ గ్లాసు పట్టుకుని బల్ల మీద సర్దుకున్నాడు.

మా టీమ్‌లో ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో కార్డులంటించి చూపించే పనుల గోడ ఒకటుంది. దాన్ని చూసుకునే అక్క వేరే టీమ్‌కి వెళ్తోంది. ఆవిడ బాధ్యత ఎవరికివ్వాలో ఆ సాయంత్రం నాలుగింటికి అందరం చేతులెత్తి తేల్చాలి. దాని మీద మాతోపాటే కోడు రాసే గురూగారికి ఎప్పట్నుంచో కన్ను. ఆఫీసు కింద టీ కొట్లో మేం నలుగురం ఆయనకి దొరికిపోయాం.

"పాత కంపెనీలో నేనేదో పొడిచేశానని కాదు. గోడ మీద చేయాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి అని మూడు గడులు. రెండొందల కార్డులూ మధ్య గడిలోనే ఇరుక్కున్నాయి. ఏది ముందో చెప్పాల్సిన మేడమ్ అన్నీ ముందే కావాలంటుంది. ఎంత చేయగలరో చెప్పాల్సిన కోడు రాసేవాళ్ళు అన్నిటికీ తలూపుతారు. అడ్డంకులు తీయాల్సినాయన తనే అడ్డంగా కూర్చున్నాడు. నేను వెళ్ళి ఒక్కటంటే ఒక్క కార్డు ఇటునుంచి అటు జరిపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేడమ్ పెన్ను నా చేతిలో పెట్టి, 'ఏది ముందో మీరే రాయండి బాబూ' అంది. కోడు వాళ్ళు 'ఎంత చేస్తామో మీరే చెప్పండి' అన్నారు. అడ్డంకులాయన సెలవు పెట్టేశాడు. మూడు కుర్చీలు, నేనొక్కణ్ణి!"

"మూడింట్లోనూ ఒకేసారి కూర్చున్నారా?" అన్నాడు టీ కొట్టాయన.

"కూర్చునే తీరికెక్కడిది! రెండు వారాల పని నాలుగు రోజుల్లో, ఆనక ఒక్క పూటలో. ఆఖరికి శుక్రవారం ఇవ్వాల్సింది బుధవారమే ఇచ్చేశాం. మొదలుపెట్టింది మాత్రం గురువారం! కస్టమర్ ఫోన్ చేసి, 'అయ్యా, మేమింకా అడగనే లేదు కదా' అని ఒకటే ఏడుపు."

"మరి కోడులో తప్పులు, ఆ బగ్గులు?" అంది మా నలుగురిలో ఉన్న టెస్టింగ్ అమ్మాయి.

"టోకెన్ తీసుకుని వరుసలో నిలబడేవమ్మా! మంగళవారం రమ్మంటే మంగళవారమే వచ్చేవి. చివరికి కార్డులకి నా చెయ్యి కూడా అక్కర్లేకపోయింది. గుమ్మంలో నిలబడి ఓ దగ్గు దగ్గితే చాలు, మధ్య గడిలోది లేచెళ్ళి చివరి గడిలో అంటుకునేది. నాకు జలుబు చేసిన వారం ఏడాది పని అయిపోయింది!"

టెస్టింగ్ అమ్మాయి నోటుపుస్తకంలోంచి ఓ పసుపు కార్డు తీసి ఆయన గ్లాసు పక్కన పెట్టింది.

"పొద్దున ఫ్యాన్ వేస్తే ఇది గోడ మీంచి రాలిపడింది గురూగారూ. మీ పేరే ఉంది. 'లాగిన్ బటన్ రంగు మార్చాలి.' మధ్య గడిలో ఇరవై మూడు రోజులుంది, జిగురు ఎండిపోయింది. మీరెప్పుడిస్తారా, ఎప్పుడు టెస్ట్ చేద్దామా అని నాకు విసుగొచ్చేసింది. ఒక్కసారి దగ్గుతారా?"

గురూగారికి పొలమారింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నిజంగానే దగ్గాడు. మేమంతా కార్డు వైపే చూశాం. అది కదల్లేదు.

ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, సగం టీ వదిలేసి మెట్లెక్కాడు.

నాలుగింటికి, గోడ బాధ్యత టెస్టింగ్ అమ్మాయికివ్వాలని అందరికంటే ముందు లేచిన చెయ్యి గురూగారిదే. రెండో చేత్తో, టేపు వేసిన పసుపు కార్డుని చివరి గడిలో అంటిస్తున్నాడు.

ఆమె నేరుగా గోడ దగ్గరికెళ్ళి, ఆ కార్డు పీకి మళ్ళీ మధ్య గడిలో పెట్టింది.

"నేనింకా టెస్ట్ చేయలేదుగా గురూగారూ."

గురూగారు దగ్గబోయి ఆపుకున్నాడు.