ఏడో నంబరు గోళీ

రొసారియో విశ్వవిద్యాలయం, రెండో అంతస్తు వరండా. తలుపు లోపల మౌఖిక పరీక్ష. బయట బెంచీ మీద నేనూ, నా కూతురు నోయెలియా.

"ఇంటికి పోదాం పదమ్మా," అంది నోయెలియా.

"పోదామంటే? తర్వాత పిలిచేది నిన్నేగా."

"గోళీల డబ్బా తిప్పుతారు, ఏ నంబరు పడితే ఆ పాఠం చెప్పాలి. మళ్ళీ ఏడే వస్తుంది."

"తొమ్మిది గోళీలుంటే ఏడే ఎందుకొస్తుందే? రాకూడదని లుహాన్ మాతకి మొక్కుకున్నా."

"రెండుసార్లూ అదే వచ్చింది. రెండుసార్లూ తప్పాను. ఈసారీ పోతే ఈ సబ్జెక్టు మళ్ళీ మొదటికే. ఇక నా వల్ల కాదు... ఆ సంచిలో ఏంటి?"

"ఏం లేదు."

"అమ్మా."

"గుడ్లు. ఆఖరి పరీక్ష గట్టెక్కినవాళ్ళ నెత్తిన గుడ్లు కొట్టడం మన ఆనవాయితీ కదా. ముందే తెస్తే దిష్టే అన్నాను, మీ పిన్ని వింటేనా? బస్సులో ఒకటి పగిలింది. అప్పుడే అనుకున్నా."

"ఏమనుకున్నావ్?"

"ఏమీ అనుకోలేదు. ఏదైనా తిను. కళ్ళు తిరిగి పడితే? ఆ మెట్లు చూడు, ఎంత నిటారుగా ఉన్నాయో. అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రం అన్నప్పుడే భయమేసింది నాకు. హాయిగా నర్సు చదవవే అంటే విన్నావా? ఆ ఏడో పాఠం రాదా నీకు?"

"వచ్చు."

"వస్తే చెప్పడానికేం?"

"విదేశీ సరుకు మీద సుంకాలు ఎత్తేస్తే నష్టం ఎవరికి, లాభం ఎవరికి? నష్టం గడగడా చెప్తా. నాన్న పనిచేసిన, బడి పిల్లల యూనిఫాం తెల్లకోట్లు కుట్టే ఫ్యాక్టరీ, అది మూతపడ్డం, నాన్న మంచం పట్టడం... తర్వాత మేడమ్ అడుగుతుంది, మరి లాభం ఎవరికి అని."

"ఎవరికి?"

"చవగ్గా కొనుక్కున్నవాళ్ళకి. పుస్తకంలో ఒక్క ముక్క. నోరు పెగలదు. నాన్న నా ముందే నుంచున్నట్టుంటుంది. ఆ కొన్నవాళ్ళెవరో నేనెప్పుడైనా చూశానా?"

"తలుపు తీశారేమో చూడు."

"తియ్యలేదు. ఏంటమ్మా?"

"నీ ఒకటో తరగతి తెల్లకోటు గుర్తుందా?"

"నాన్న కుట్టింది. క్లాసంతా చెప్పుకు తిరిగానుగా."

"నాన్న కుట్టినదాన్ని ఇస్త్రీ పెట్టి కాల్చేశాను. చెప్పాలంటే భయం. స్టేషన్ దగ్గర ఓడలో వచ్చిన విదేశీ సరుకు అమ్ముతుంటే అలాంటిదే కొన్నాను. సగం ధర. మెడ దగ్గర కంపెనీ పేరున్న పట్టీ కత్తిరించి తొడిగాను నీకు."

"నాకా?"

"ఆ ఏడాదే ఫ్యాక్టరీ గేటుకి తాళం పడింది. నా వల్లే అనుకుంటా ఇప్పటికీ."

"నాన్నకి తెలుసా?"

"బడి మొదటిరోజు నీకు గుండీలు పెడుతూ ఆగాడు. అంచు వేలితో తడిమాడు. 'బాగా కుట్టారు. వీళ్ళ ముందు మేం నిలవలేం' అన్నాడు. అన్ని గుండీలూ పెట్టి పంపించాడు. మళ్ళీ ఆ మాటెత్తలేదు, పోయేదాకా... అదిగో, పిలుస్తున్నారు. ఏడుస్తూ వెళ్ళకు, తల్లీ."

"అమ్మా, లుహాన్ మాతకి చెప్పిన మొక్కు మార్చు. ఏడే రావాలి."