రేపటి అలల కబురు

జావా తీరంలోని బటుకరాస్‌లో, రాళ్ల కొస దగ్గర సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉంది. తెల్లారితే సర్ఫింగ్ పోటీ. ఆ పోటీ పెట్టినాయన సుద్దముక్కతో, అలలు ఎప్పుడొస్తాయో రాసే బోర్డు ముందు నిలబడి, వానలాపే ముసలాయన మీద విరుచుకుపడ్డాడు.

“వాన ఆపమంటే అలల్ని కూడా ఆపేశావేంటి తాతా?”

“మిరపకాయలు, ఉల్లిపాయలు పుల్లకు గుచ్చి, తలకిందులుగా ఇసుకలో పాతాను. వాన ఆగింది. సముద్రం కూడా భయపడితే నేనేం చెయ్యను?”

“బాలీ నుంచి కుర్రాళ్లు దిగారు. రేపు వాళ్లని ఈ చెరువులో ఈదమంటావా? ముందు ఆ పుల్ల పీకెయ్.”

“పీకుతా. అరే, పుల్ల ఉంది గానీ మిరపకాయలేవయ్యా?”

సుద్దముక్క ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది.

“నిన్న మధ్యాహ్నం హోటల్లో కారం అయిపోయిందన్నారు తాతా.”

“తిన్నావా?”

“నూరించుకుని తిన్నాను.”

“ఉల్లిపాయలు?”

“అవి కూడా.”

“అయితే వానా, గాలీ, అలలూ అన్నీ నీ కడుపులోనే ఆగాయి. నిన్నటి నుంచి దొడ్డికి వెళ్లావా?”

“లేదు. బిగుసుకుపోయింది.”

“మరి సముద్రాన్ని తిడతావేం? రేపు పొద్దున తొమ్మిది దాకా అలాగే బిగబట్టు. పోటీ మొదలవగానే వెళ్లు.”

అతను బోర్డు మీద ‘అలలు: రేపు తొమ్మిదింటికి’ అని రాశాడు. కడుపులో సన్నగా ఉరిమింది. రాసింది చెరిపేసి, ‘అలలు: ఏ క్షణమైనా’ అని రాసి, సుద్దముక్క ముసలాయన చేతిలో పెట్టి పరుగందుకున్నాడు.