కుడి చెవి వారిది, ఎడమ చెవి నాది

1989 జూన్ 12, సోమవారం నాడు సిరిసిల్ల బస్సు దిగి, జగిత్యాలలోని మన వరద సమాచార వైర్‌లెస్ కేంద్రంలో ఆపరేటరుగా చేరిన శ్రీ సిరిపురం వెంకటేశం గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఏడో తరగతితో బడి మానిన నాచేతనే ఈ అభినందన రాయించాలన్నది వారి పట్టుదల. పెద్ద చదువుల వాళ్లు ఇంతమంది ఉన్నారు కదా అన్నాను. "వాళ్లు నన్ను పొగుడుతరు, నువ్వు జరిగింది రాస్తవు" అన్నారు. కనుక జరిగినదే రాస్తున్నాను.

మరమగ్గాల చప్పుడులో పెరిగిన వెంకటేశం గారు ఉద్యోగ ధర్మంతోనే తృప్తిపడక, పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు సంపాదించి, అధికారుల అనుమతితో కేంద్రం పైగదిలో సొంత సెట్టు నెలకొల్పారు. ఆకాశాన్ని తాకి తిరిగివచ్చే తరంగం ఒక క్షణం బలపడుతుంది, మరుక్షణం క్షీణిస్తుంది. అయితే ఒక ఏరియల్ దగ్గర మాట మునిగిన వేళకే ఇంకో ఏరియల్ దగ్గర తేలి ఉండవచ్చు. అందుకే వారు రెండు ఏరియళ్లకు రెండు రిసీవర్లు తగిలించి, రెంటినీ ఒకే స్టేషను మీద నిలిపి, ఒకదాన్ని కుడి చెవితోనూ రెండోదాన్ని ఎడమ చెవితోనూ వినేవారు.

మొదట్లో ఆ రెండు ఏరియల్ తీగలనూ డాబా మీద పక్కపక్కనే, ఒకే దిక్కుకు, పడుగు పోగుల్లా ముచ్చటగా సాగదీసి కట్టారట. మాట పోతే రెండింటిలోనూ ఒక్కసారే పోయేది. ఒక ఆదివారం సద్ది డబ్బాతో వచ్చిన వారి శ్రీమతి కల్యాణి గారు పైకి చూసి, "ఏందయ్యా, అంత పడుగే పోసినవ్, పేకేది? నేతోళ్ల ఇంట్ల పుట్టిన్నని ఎవలకు చెప్పకు" అన్నారు. సారు నవ్వలేదు. అన్నం ముట్టకుండానే ఒక తీగ విప్పి రెండోదానికి అడ్డంగా కట్టారు. ఆనాటి నుంచి ఒకటి మునిగితే ఒకటి తేలింది.

2003లో నేను హెల్పరుగా చేరాను. ఇప్పటికీ హెల్పరునే, ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం. కొన్నేళ్లకు సారు ఎడమ చెవి పూర్తిగా మందగించింది. చిన్ననాటి మగ్గాల చప్పుడే కారణమన్నారు డాక్టర్లు. రెండో రిసీవరు ఇక మూలన పడుతుందనుకున్నాము.

"ఒక్క చెవితోటి రెండు డబ్బలు ఎట్ల వింటరు సార్?" అని అడిగాను.

"రెండోది నీకున్నది గద తమ్మీ. కూసో" అన్నారు.

అప్పటి నుంచి కుడివైపుది వారు, ఎడమవైపుది నేను. వినబడినది వినబడినట్టు ఇద్దరం పైకి చెప్పేవాళ్లం. వారు రెండూ కలిపి రాసేవారు.

ఒక వానాకాలం కథలాపూర్ వైపు సెల్ టవర్లన్నీ మూగబోయిన పొద్దున, అక్కడి అమెచ్యూర్ మిత్రుడు ఏసుబాబు బ్యాటరీ మీద పిలిచాడు. వాగవతలి పల్లెలో ఒక నిండు చూలాలికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు మన గేటు ముందర నిలబడి ఏ దారిన పోవాలో చెప్పమంటోంది. "వంతెన మీదికెల్లి రావద్దు, మధ్యల తెగింది" అన్నంతవరకు సారుకు అందింది. ఆపైన గరగర చప్పుడే. సారు హెడ్‌ఫోన్‌ను చెవికి అదుముకున్నారు. అప్పుడే నా చెవిలో సన్నగా, "చెరువు కట్ట మీదికెల్లి రాండ్రి, కట్ట గట్టిగున్నది" అని వినబడింది. చెప్పాను. సారు మారు అడగలేదు.

"నీ చెవి మీద బండి పంపుతున్న, నర్సింగం."

మధ్యాహ్నానికి ఏసుబాబు మళ్లీ పిలిచి, "ఆడపిల్ల. తల్లీ బిడ్డ మంచిగున్నరు" అన్నాడు. ఆ మాట ఇద్దరికీ నిండుగా అందింది. ఆ పనికి పైనుంచి వచ్చిన ప్రశంసాపత్రం ఎవరి గోడకెక్కిందో ఈ శుభవేళ తవ్వను. సారు మాత్రం కనబడిన వాళ్లందరికీ "సగం విన్నది నర్సింగం" అని చెప్పుకుంటూ తిరిగారు. ఇన్నేళ్ల నౌకరిలో నాకు దక్కింది ఆ మాటే.

వారిక సిరిసిల్లకు వెళ్తున్నారు, పైగది ఖాళీ అవుతోంది. నాకు ఆ గది తప్ప ఈ ఆఫీసులో కూర్చోమన్న చోటు లేదు. మొన్న సెట్టు దించుతూ సారు రెండో రిసీవరును నా చేతిలో పెట్టారు.

"నాకెందుకు సార్? ఏడో తరగతోణ్ని."

"చెవులేమన్న తరగతి సదువుతయా? సిరిసిల్లల నా ఇంటి మీద నేనొక తీగ కట్టిన. కోరుట్లల నీ ఇంటి మీద నువ్వొకటి కట్టు. ఆదివారం పొద్దుగాల ఏసుబాబు పిలుస్తడు. నాకు పోయిన మాట నువ్వు ఫోన్ల చెప్పు."

కల్యాణి గారి తోడుగా వెంకటేశం గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, వారి కుడి చెవి ఆ నూరేళ్లూ చురుకుగా ఉండాలని మన కేంద్రం సిబ్బంది అందరి పక్షాన కోరుకుంటున్నాను.

కోరుట్లలో తీగ కట్టాను సార్. మీ తీగకు అడ్డంగానే కట్టాను.

– నర్సింగం, హెల్పరు